కాగు నుంచి గీజరు దాకా: నిర్మల్ ఇళ్ళలో వేడినీటి శక్తివ్యయం – ఒక వివరణ

ఉమ్మడి ఆదిలాబాదు జిల్లా తెలంగాణలో చలికి పెట్టింది పేరు. 2016 అక్టోబరు 11న ఆ జిల్లా నుంచి విడివడిన నిర్మల్‌లోనూ చలికాలపు ఉదయాలు వేన్నీళ్ళు లేనిదే గడవవు. ‘కాగు’ అనే మాట తెలుగులో క్రియగా వేడెక్కడాన్ని, నామంగా నీళ్ళు కాచే పెద్ద పాత్రను సూచిస్తుంది. ఆ కాగు స్థానంలోకి రాగి బాయిలరు, అనంతరం గీజరు వచ్చాయి. చేదబావి స్థానంలోకి మోటారు వచ్చింది. వీటిలో శక్తి ఎక్కడ వృథా అవుతున్నదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మూడురాళ్ళ పొయ్యిలో మంట పాత్ర అడుగును తాకి పక్కలకు పోతుంది. కట్టెల్లోని శక్తిలో పదో వంతు నీటికి చేరడమే కష్టం. రాగి బాయిలరులో నిప్పుల గొట్టం నడుమ ఉండి, చుట్టూ నీరు నిలుస్తుంది. మంటకు నీరే గోడ కనుక ఆ నష్టం తగ్గుతుంది. పైన గరాటులో చెంబెడు చన్నీళ్ళు పోస్తే అవి అడుగుకు చేరి, చెంబెడు వేన్నీళ్ళను బయటికి నెడతాయి. పంపు అక్కరలేని ప్రసరణ ఇది.

ఇరవై లీటర్ల బకెట్టును 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వేడిచేయడానికి దాదాపు 0.46 యూనిట్ల విద్యుత్తు కావాలి. నలుగురున్న ఇంట్లో రోజుకు సుమారు రెండు యూనిట్లు. ఇది తప్పని ఖర్చు. గీజరు నీటిలో చన్నీళ్ళు కలపడం దుబారా అని కొందరి భావన, అది సరికాదు. మిక్కిలి వేడి నీరు తొట్టిలో గంటల తరబడి నిలిచి చల్లారడమే అసలు దుబారా. గీజర్లకు నక్షత్రాల గుర్తు ఇచ్చేటప్పుడు పరిగణించేది ఈ నిలువ నష్టాన్నే. స్నానానికి ముందు మాత్రమే వేసి, పని కాగానే ఆపితే అది చాలావరకు తప్పుతుంది. రోజంతా నిలువ ఉంచే పక్షంలో మాత్రం, హానికర సూక్ష్మజీవులు పెరగకుండా, 60 డిగ్రీలకు తగ్గించరాదు. బోరునీటి లవణాలు కాయిలుపై పేరుకుంటే నీరు ఆలస్యంగా కాగుతుంది, కాయిలూ త్వరగా కాలిపోతుంది.

మోటారు లెక్క వేరు. సంపు నుంచి పది మీటర్ల ఎత్తుకు వెయ్యి లీటర్లు ఎక్కించడానికి సిద్ధాంతరీత్యా చాలేది 0.027 యూనిట్లే. మోటారు సామర్థ్యం నాలుగో వంతే అనుకున్నా 0.11 యూనిట్లు, అంటే బకెట్టు వేన్నీళ్ళ ఖర్చులో నాలుగో వంతు. అరవై మీటర్ల లోతు నుంచి తోడే బోరుకైతే ఇది ఆరింతలవుతుంది. అక్కడ ట్యాంకు పొర్లిపోవడం నిజమైన నష్టం.

పెద్ద హోటళ్ళలో కుళాయి తిప్పగానే వేన్నీళ్ళు రావడానికి ప్రసరణ పంపు నీటిని గొట్టాలలో తిప్పుతూనే ఉంటుంది. ఆ గొట్టాలు నిరంతరం వేడిని కోల్పోతుంటాయి. పది మీటర్ల అరంగుళం గొట్టంలో నిలిచే నీరు రెండు లీటర్లలోపే. ఆ మాత్రం చన్నీళ్ళను బకెట్టులోకే పట్టుకోగల ఇంటికి ఆ పంపు అనవసరం. గీజరును స్నానాలగదికి ఆనుకొని బిగించి, గొట్టానికి ఉష్ణనిరోధక తొడుగు వేస్తే సరిపోతుంది.