మిరప కల్లములో మూడు శాస్త్రములు

గుంటూరు, ప్రకాశం మండలముల నల్లరేగడి భూములలో రైతు బ్రతుకు ప్రత్తి మీదను, మిరప మీదను ఆధారపడి యున్నది. ఒక యేడు మిరపధర పెరుగును. మరుసటి యేడు పలువురు మిరపనే వేయుదురు. సరకు యార్డును ముంచెత్తును, ధర పడిపోవును. ఇట్లేల జరిగినదని విద్యార్థి అడిగినచో ఏ శాస్త్రము బోధించు ఉపాధ్యాయుడు సమాధానము చెప్పవలెను?

సరకు పెరిగి గిరాకి పెరగనందున ధర పడినదని అర్థశాస్త్రము చెప్పును. అది నిజమే, కాని ప్రశ్న అంతటితో తీరదు. ప్రత్తికి కేంద్రప్రభుత్వము ఏటేట కనీస మద్దతు ధర ప్రకటించుచున్నది. మిరప ఆ జాబితాలో లేదు. 2025లో మిరపధర పడిపోయినపుడు మార్కెట్ జోక్య పథకము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించిరి. ఒక పంటకు నిత్యరక్షణ, మరొక దానికి ఆపదలో మాత్రమే ఊరట ఏల? ఇట్టి నిర్ణయములు చేయువారెవరు? ఇది రాజనీతి ప్రశ్న. ఇంకను లోతునకు పోయినచో మరొకటి కలదు. పంట నష్టమైనను కౌలుదారు ఒప్పుకొన్న కౌలు చెల్లింపవలసినదేనా? మాట నిలుపుకొనుట న్యాయమా, నష్టమును పంచుకొనుట న్యాయమా? దీనిని విచారించునది తత్త్వశాస్త్రము.

ఈ మూడు శాస్త్రములను కలిపి ఒకే పట్టమునకు బోధించు పద్ధతి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున 1920లో ఏర్పడెను. అయినను ఈ కలయిక అంతకంటె చాల ప్రాచీనమైనది. కౌటిల్యుడు పేర్కొన్న నాలుగు విద్యలలో ఆన్వీక్షికి తర్కముతో కూడిన తత్త్వవిచారము, వార్త యనగా కృషి, పశుపాలనము, వాణిజ్యము, దండనీతి రాజ్యపాలనము. ఆధునిక అర్థశాస్త్రమునకు పితామహుడని పేరొందిన ఆడం స్మిత్ గ్లాస్గోలో నీతిశాస్త్రాచార్యుడు. ఆయన 1759లో నైతిక భావములను గూర్చిన గ్రంథమును ప్రకటించి, 1776లో దేశముల సంపదను గూర్చి వ్రాసెను.

మన సీమ చరిత్రయు ఈ బంధమును చూపుచున్నది. 1937 వేసవిలో ఒంగోలు దాపున, సముద్రతీరమందలి కొత్తపట్నములో సోషలిస్టులు ఆర్థిక రాజకీయ పాఠశాలను నెలకొల్పగా ప్రభుత్వము దానిని నిషేధించెను. 1900లో నిడుబ్రోలున జన్మించిన ఎన్.జి. రంగా గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివి, 1926లో ఆక్స్‌ఫర్డున అర్థశాస్త్రమున పట్టము పొంది, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యుడై, పిమ్మట రైతు ఉద్యమమునకు నాయకుడయ్యెను. 1959లో స్వతంత్ర పార్టీకి ప్రథమాధ్యక్షుడై, సహకార వ్యవసాయమును ఎదిరించి, సొంత భూమిపై రైతుకు గల హక్కును సమర్థించెను. ఆయన చూచిన పొలములు, అప్పులు, ధరలు సోషలిస్టులు చూచినవే. అయినను వారి త్రోవలు వేరయ్యెను. ఆస్తి యనగానేమి, స్వేచ్ఛ యనగానేమి అను మూలప్రశ్నల కడనే వారు విడిపోయిరి. కేవలము లెక్కలు నేర్చినవానికి ఈ విభేదము బోధపడదు.

మన కళాశాలలలో చరిత్ర, అర్థ, రాజనీతి శాస్త్రములను సమానముగా బోధించు బి.ఏ. చిరకాలము సాగెను. 2023–24 నుండి ఆంధ్రప్రదేశమున ఒక ప్రధాన విషయము, దానికి తోడు ఒక ఉపవిషయము అను పద్ధతి ప్రవేశించెను. మూడింటిని తడవినవాడు దేనిలోను దిట్ట కాజాలడను ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. గణితము, గణాంకశాస్త్రము ఎరుగక అర్థశాస్త్రము పట్టుబడదు. కనుక లోతును విడువకయే విస్తృతి సాధింపవలెను.

ఇందుకు క్రొత్త కోర్సు వచ్చువరకు వేచియుండనక్కరలేదు. మిర్చి యార్డులో రైతుకిచ్చు చీటీ నొకదానిని ఉపాధ్యాయుడు తరగతికి తెచ్చిన చాలును. ఈ ధర ఎట్లేర్పడినది? అందలి కోతలకు నియమము చేసినదెవరు? ఆ నియమము న్యాయమైనదేనా? మూడవ ప్రశ్న అడుగుటకు జంకని విద్యార్థి తండ్రి చేతిలోని చీటీని మరియొక కంట చదువగలడు.