హన్నా కుట్టిన చిన్న అంగీ

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు, మన విశ్వాసుల ఇళ్లలో కూడా ఒక కొత్త పెట్టె సర్దడం మొదలవుతుంది. బకెట్టు, మగ్గు, పలచని పరుపు, రెండు తాళం కప్పలు, సీసాడు ఆవకాయ, అన్నిటి అడుగున ఒక చిన్న బైబిలు. పదిహేనేళ్ల పిల్లవాడు ఇంటర్మీడియట్ చదువుకు రెసిడెన్షియల్ కాలేజీకి బయల్దేరతాడు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తారు. నాయనమ్మ మనవడి తలమీద చెయ్యి వేసి కళ్లు తుడుచుకుంటుంది. నాన్న అప్పు తెచ్చి కట్టిన ఫీజు రసీదును భద్రంగా జేబులో పెట్టుకుంటాడు. ఆ రాత్రి నుంచి ఇంట్లో ఒక కంచం తగ్గుతుంది.

కుటుంబ జీవితం మీద ప్రసంగం అనగానే మనం సెల్‌ఫోన్లనూ టీవీ సీరియళ్లనూ దులిపేస్తుంటాం. ఆ సమస్యలు లేవని కాదు. కానీ ఎన్నో తెలుగు కుటుంబాల్లో తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య అసలు ఎడం మొదలయ్యేది ఈ పెట్టెతోనే. దాని గురించి మాత్రం చర్చిలో పెద్దగా మాట్లాడుకోం. మాట్లాడవలసిన పాస్టరుగారి అబ్బాయి కూడా చాలాసార్లు అక్కడే చదువుతుంటాడు మరి!

హాస్టలు చదువు తప్పని చెప్పడం మా ఉద్దేశం కాదు. అలా అనే హక్కు మన సంఘాలకు అసలే లేదు. 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ మొదలుకొని ఒంగోలులో జాన్ క్లౌ, మెదక్‌లో ఛార్లెస్ పాస్నెట్ దాకా మన ప్రాంతానికి సువార్త తెచ్చినవాళ్లు బడులు కూడా పెట్టారు. తరతరాలుగా బడి గడప తొక్కనివ్వని కుటుంబాల్లోంచి వచ్చిన మన తాతలకు, ముత్తాతలకు అక్షరం దొరికింది చాలావరకు మిషను బోర్డింగుల్లోనే. ఈ రోజు ఒక కూలి తండ్రి తన కూతుర్ని డాక్టరు చదివించాలనుకోవడంలో దురాశ ఏమీ లేదు. కాబట్టి బిడ్డను పంపాలా వద్దా అన్నది ఏ ఇంటికి ఆ ఇల్లు ప్రార్థించి తేల్చుకోవలసిన మాట. పంపిన తర్వాత తల్లిదండ్రులుగా మనకు ఇంకేం పని మిగిలింది అన్నదే ఇక్కడి ప్రశ్న.

బైబిలులో ఇలా బిడ్డను దూరంగా ఉంచిన తల్లి ఒకామె ఉంది. గొడ్రాలని ఏళ్ల తరబడి సూటిపోటి మాటలు పడిన హన్నా, కన్నీటితో అడిగి కన్న సమూయేలును పాలు విడిచాక షిలోహులో యాజకుడైన ఏలీ దగ్గర అప్పగించింది. మన పిల్లలు పదిహేనేళ్లకు వెళ్తారు, ఆ పసివాడు అమ్మ ఒడి దిగీ దిగకముందే వెళ్లాడు. ఆ తర్వాత ఆమె ఏం చేసిందో లేఖనం ఒకే ఒక్క వచనంలో చెబుతుంది. ఏటేటా భర్తతో కలిసి బలి అర్పించడానికి వెళ్లినప్పుడు వాడికొక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేదట (1 సమూ. 2:19).

చదివేసి దాటిపోయే వచనం కాదిది. ఏడాదికొక్కసారి చూసే బిడ్డకు అంగీ కుట్టాలంటే కొలత ఎవరిస్తారు? పోయిన ఏడు నా నడుము దాకా వచ్చాడు, ఈపాటికి ఇంకో జానెడు ఎదిగి ఉంటాడు, భుజాలు వాళ్ల నాన్నవి కాబట్టి కాస్త వెడల్పుగా కత్తిరించాలి అని ఆ తల్లి ఎన్నిసార్లు లెక్కవేసుకుందో! ఆ లెక్కంతా ప్రార్థనే అంటే అతిశయోక్తి కాదు. ఆ తర్వాత ఆమెకు ఇంకా ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు పుట్టారు. ఇల్లు నిండింది, పని పెరిగింది. అయినా పై ఏటికి అంగీ సిద్ధమయ్యేది.

మరి మనం ఏం తీసుకెళ్తున్నాం? చూడ్డానికి వెళ్లే ఆదివారం హాస్టలు గేటు దగ్గర నిలబడితే తెలుస్తుంది. క్యారియర్లో కోడికూర ఉంటుంది, డబ్బాలో చేగోడీలు ఉంటాయి. ఆ ప్రేమలో లోపం లేదు. కానీ చెట్టు కింద దుప్పటి పరిచి కూర్చున్న రెండు నిమిషాలకే నాన్న నోటి వెంట వచ్చే మాట, "ఈ వారం ర్యాంకెంత?" వారం వారం పెట్టే పరీక్షల మార్కులు అప్పటికే నాన్న ఫోనుకు మెసేజ్‌గా వచ్చి ఉంటాయి. తెలిసిన సంగతినే మళ్లీ అడుగుతాడు. పిల్లవాడు ముద్ద నోట్లో పెట్టుకుని తల దించుకుంటాడు. వాడికి రాత్రుళ్లు నిద్ర పడుతోందా, గదిలో ఎవరైనా ఏడిపిస్తున్నారా, చివరిసారి మనసారా నవ్వింది ఎప్పుడు అన్నవి ఏ మెసేజ్‌లోనూ రావు. మార్కుల కొలత కాలేజీ పంపుతుంది. బిడ్డ కొలత మాత్రం అమ్మానాన్నలే తీసుకోవాలి.

పౌలు కూడా తండ్రులకు ఈ విషయంలో గట్టి హెచ్చరికే చేశాడు. పిల్లలకు కోపం పుట్టించొద్దని, వాళ్ల మనసు కుంగిపోతుందని కొలొస్సయులకు రాశాడు (కొలొ. 3:21). పిల్లల విధేయత గురించి చెప్పే ముందటి వచనాన్ని మనం సండే స్కూల్లో కంఠస్థం చేయిస్తాం. పెద్దలకు చెప్పిన ఈ వచనాన్ని ఎవరితో కంఠస్థం చేయిస్తున్నాం?

కుంగిపోవడం అన్నది ఉత్త మాట కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తర్వాత కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ మార్కుల్లోనే తప్పులు దొర్లాయని తర్వాత బయటపడింది. తప్పిన వాళ్ల పేపర్లన్నీ మళ్లీ పరిశీలించాల్సి వచ్చింది. సరిదిద్దడానికి వీలున్న అంకెల కోసం తిరిగి తేలేని బిడ్డలు పోయారు. ఫలితాల రోజున బిడ్డ మొదట వినే గొంతు మనదై ఉండాలి, ఆ గొంతులో లెక్కలు ఉండకూడదు. బిడ్డ మాటల్లో నిరాశ వినిపించినా, ఒంటరిగా ముడుచుకుపోతున్నట్టు అనిపించినా ప్రార్థన చేద్దాంలే అని ఆగిపోకండి. ప్రార్థన చేయండి, వెంటనే బస్సెక్కి వెళ్లండి, డాక్టరుకూ చూపించండి. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. మనసుకు వచ్చిన జబ్బుకు మందు తీసుకోవడం అవిశ్వాసం కాదు.

షిలోహులో మరో తండ్రి కూడా ఉన్నాడు. ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసులు దేవుని మందిరంలోనే పెరిగి దుర్మార్గులయ్యారు. ఏలీ వాళ్లను మందలించలేదని కొందరు అంటారు కానీ అది సరికాదు, ముసలితనంలో ఒకసారి మందలించాడు. అయితే దేవుడు ఏలీ మీద మోపిన నేరం వేరు. దేవునికన్నా కొడుకులనే ఎక్కువగా గొప్ప చేశాడన్నదే ఆ నేరం (1 సమూ. 2:29). ఆదివారం ఆరాధన మానేసి టెస్టుకు కూర్చోమని ఇంటి నుంచే చెప్పే మనకు ఈ మాట సూటిగా తగులుతుంది. టెన్త్ దాకా క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరి వేషం వేసిన పిల్లలు ఆ పై రెండేళ్లు ఏ చర్చి గడపా ఎక్కకపోతే తప్పంతా కాలేజీదేనా?

విచిత్రం ఏమిటంటే, సొంత బిడ్డల విషయంలో ఓడిపోయిన ఆ ఏలీయే సమూయేలుకు దేవుని స్వరం గుర్తుపట్టడం నేర్పాడు. రాత్రివేళ మూడుసార్లు నిద్రలేపినా విసుక్కోలేదు. అంటే మన పిల్లల దగ్గర ఎవరున్నారన్నది చిన్న విషయం కాదు. వార్డెన్ పేరు, వంటమనిషి పేరు మనకు తెలుసా? విజయవాడలో, గుంటూరులో, హైదరాబాదులో ఉన్న సంఘాలకు ఇది మంచి పరిచర్య కూడా. ఔటింగ్ దొరికిన ఆదివారం పొరుగూరి పిల్లలు నలుగురిని ఆరాధనకు పిలిచి, మధ్యాహ్నం ఇంట్లో వేడన్నం పెట్టి, ర్యాంకు ఊసెత్తకుండా సాయంత్రం దిగబెట్టే దంపతులు ప్రతి సంఘంలో ఇద్దరు ముగ్గురున్నా చాలు.

ఎడబాటులో సంతోషం లేదనుకోవద్దు. క్రిస్మస్ సెలవులకు వచ్చిన కొడుకు పొద్దెక్కేదాకా నిద్రపోతుంటే ఎవరూ చప్పుడు చేయరు. చెల్లెలు వాడి వెనకాలే తిరుగుతుంది. నిరుడు సన్నగా పాడినవాడు ఈసారి క్యారల్స్‌లో బొంగురు గొంతుతో మగవాళ్ల వరసలో నిలబడి పాడుతుంటే వాళ్లమ్మ పాట మరచిపోయి వాడివైపే చూస్తుంది. షిలోహు గుమ్మంలో కొడుకుకు అంగీ తొడిగి, చేతులు సరిపోయాయో లేదో చూసుకున్న హన్నా ఆనందం బహుశా ఇలాంటిదే.

ఇంత చేసినా పిల్లలు మనం అనుకున్నట్టు కాకపోతే? దీనికి బైబిలు తేలికైన సూత్రం ఏదీ ఇవ్వదు. హన్నా ప్రార్థనతో పెరిగిన సమూయేలు కొడుకులే లంచగొండులయ్యారు. ఇశ్రాయేలు పెద్దలు రామాకు వచ్చి, ముసలివాడైపోయావని, నీ కొడుకులు నీ దారిలో నడవడం లేదని అతని ముఖం మీదే అన్నారు (1 సమూ. 8:5). దారి తప్పిన బిడ్డ ఉన్న ఇంటిని వేలెత్తి చూపే అలవాటు మన సంఘాల్లోనూ ఉంది. పెంపకం సరిగా లేదని చర్చి మెట్ల మీదే తీర్పు చెప్పేస్తుంటాం. ఏలీని గద్దించిన దేవుడు సమూయేలును మాత్రం ఆ రోజు కొడుకుల గురించి ఒక్క మాట అనలేదని గమనించాలి.

తర్వాత కొంతకాలానికి సమూయేలు జనమంతటి ఎదుట నిలబడి తన లెక్క అప్పజెప్పాడు. ఎవరి ఎద్దును తీసుకోలేదని, ఎవరి దగ్గరా లంచం పుచ్చుకోలేదని సాక్ష్యం పలికించుకున్నాడు. ఆ సభలో కొడుకుల ఊసు ఎత్తకుండా దాటేసి ఉండొచ్చు. దాటేయలేదు. తాను తల నెరిసిన ముసలివాణ్ణని చెప్పి, ఆ వెంటనే తన కొడుకులు మీ మధ్యనే ఉన్నారన్నాడు (1 సమూ. 12:2). పరువు తీసిన బిడ్డలను ఆ తండ్రి అందరి ముందూ నా కొడుకులనే పిలిచాడు.