నీటిబొట్టు బండికి ప్లాను ఎన్నుకొనుట

అంతర్వేది తీర్థానికి గాని, చుట్టాల ఊరి పెండ్లికి గాని బయలుదేరే సంసారం కోనసీమలో ఒకప్పుడు గూడుబండి కట్టించుకొనేది. బండిలో వరిగడ్డి పరచి, దానిపై జంపఖానా వేసి, పిల్లలను పడుకోబెట్టేవారు. ప్రొద్దు క్రుంకితే ఏ తోపులోనో ఎడ్లను విప్పి, మూడు రాళ్ల పొయ్యిమీద అన్నం వండుకొని, ఆ గూటి క్రిందనే నిద్రించేవారు. ఇల్లూ, వంటా, పడకా ఒక్క ఇరుసు మీద నడిచేవి.

ఎడ్ల స్థానంలో మోటారుకారును ఊహించుకొంటే, నేడు మేము చెప్పబోయే బండి స్వరూపం తెలిసిపోతుంది. దీనిని టియర్‌డ్రాప్ ట్రెయిలర్ అంటారు. ముందు గుండ్రంగా, వెనుక సన్నగా దిగి నీటిబొట్టును పోలి ఉంటుంది. లోపల ఇద్దరు పడుకొనే పరుపు, వెనుక తలుపు పైకెత్తితే చిన్న వంటగది. నిలువ ఎత్తు సుమారు 4 అడుగులు, పొడవు 8 నుంచి 10 అడుగులు, వెడల్పు 4 లేక 5 అడుగులు. 1930 తరువాతి సంవత్సరాలలో అమెరికాలో పుట్టి, రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన 1945 పిమ్మట ఇది బాగా వ్యాపించింది. చేతిపనుల పత్రికలు కొలతలతో పటాలు ప్రకటించగా, సామాన్య గృహస్థులు తమ పెరటిలోనే దీనిని నిర్మించుకొన్నారు. ప్లైవుడ్ పలక కొలత 8 అడుగులకు 4 అడుగులు కావడం వల్ల, ఒక్కొక్క ప్రక్క గోడ దాదాపు ఒక్క పలకలో వచ్చేది. ఆ పలకలు మన ఊళ్లలోనూ అదే కొలతలో దొరుకుతున్నవి.

ఇట్టి బండికి ప్లానులు నేడు కొల్లలుగా లభిస్తున్నవి. కొన్ని ఉచితం, కొన్ని వెలకు. అందమైన బొమ్మను చూచి ఎన్నుకొనుట సులభం; కాని బొమ్మ వేరు, ప్లాను వేరు. మంచి ప్లానులో ప్రక్క గోడ వంపును గళ్ల మీద గుర్తించిన కొలతలు, ఇనుప చట్రంలో ఏ గొట్టాన్ని ఎక్కడ అతకవలెనో తెలిపే పటం, సామానుల పట్టిక, విద్యుత్ దీపాల తీగలు పోవు మార్గం, పనుల వరుస ఉండవలెను. వీటన్నిటికంటె ముఖ్యంగా ఇరుసు స్థానమూ, బరువుల లెక్కా ఉండవలెను. ఈ రెండూ లేని ప్లాను ఎంత చక్కనిదైనా పక్కన పెట్టుడని మా సలహా.

కారణం మన బండివానికి తెలిసినదే. ధాన్యపు బస్తాలు వేసేటప్పుడు అతడు ముందూ వెనుకా సరిచూచేవాడు. బరువు వెనుకకు మొగ్గితే కాడి పైకి లేచి, పలుపులు ఎడ్ల గొంతుకు బిగుస్తాయి. మరీ ముందుకు మొగ్గితే ఎడ్ల మెడలు క్రుంగుతాయి. కాబట్టి కాడి మీద కొద్దిపాటి బరువు నిలిచేటట్లు సర్దేవాడు. కారు వెనుక కట్టే బండికీ ఇదే న్యాయం. బండి మొత్తం బరువులో పదవ వంతు నుంచి ఏడవ వంతు వరకు కారు కొక్కెం మీద పడవలెను. అంతకంటె మిక్కిలి తగ్గితే, వేగంలో బండి తోక పాము వలె ఇటూ అటూ ఊగుట ఆరంభిస్తుంది. 216వ జాతీయ రహదారి మీద పెద్ద లారీ ప్రక్కగా దాటినప్పటి గాలి తోపు చాలు. వేగం హెచ్చిన కొద్దీ ఊగు హెచ్చి, తుదకు కారునే త్రోవ తప్పిస్తుంది. ఎద్దుకు గొంతు బిగిస్తే అది ఆగిపోతుంది, కారు ఆగదు.

ఈ లెక్కను ఇంటిలోనే వేసుకొనవచ్చును. బండి బరువు 400 కిలోలనీ, కొక్కెం నుంచి ఇరుసునకు దూరం 240 సెంటీమీటర్లనీ అనుకొందాము. గరిమనాభి, అనగా బరువంతా ఒక్కచోట నిలిచినట్లు తోచే బిందువు, ఇరుసునకు 30 సెంటీమీటర్లు ముందున్నది. 400ను 30తో హెచ్చవేసి 240తో భాగిస్తే 50 కిలోలు వస్తుంది. ఇది కొక్కెం మీది బరువు. మొత్తంలో ఎనిమిదవ వంతు. బాగానే ఉన్నది.

ఇక వెనుక వంటగదిలో సామాను పెట్టుదాము. 40 లీటర్ల నీరు 40 కిలోలు. ఇంటి గ్యాసు సిలిండరు నిండుగా ఉంటే సుమారు 30 కిలోలు. పొయ్యి, పాత్రలు మరి 10 కిలోలు. ఈ 80 కిలోలూ ఇరుసునకు 75 సెంటీమీటర్లు వెనుక ఉన్నవనుకొంటే, కొక్కెం మీది బరువు 50 నుంచి 25 కిలోలకు దిగిపోతుంది. బండి మొత్తం బరువు 480 అయినది గనుక, అది పందొమ్మిదవ వంతు మాత్రమే. ఖాళీగా ఉన్నప్పుడు నెమ్మదిగా నడచిన బండి, ప్రయాణపు సామానుతో ప్రమాదకరమైనది. ఆ నీటి తొట్టిని మాత్రం ఇరుసునకు 75 సెంటీమీటర్లు ముందుకు మార్చి చూడుడు. కొక్కెం మీద మరల 50 కిలోలు పడుతుంది. కావున నీటి తొట్టి పరుపు క్రింద, ఇరుసునకు ముందు ఉన్న ప్లానును ఎన్నుకొనుట మేలు.

పరదేశపు ప్లానును మన నేలకు సరిపెట్టుకొనవలసిన సంగతులు మరికొన్ని కలవు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి అయిన నాటి నుంచి కాలువలు అల్లుకొన్న సీమ మనది. కొత్తపేట, అమలాపురం, రాజోలు ప్రాంతాలలో పెక్కు దారులు కాలువ గట్ల మీదనే సాగుతాయి. ఎదురుగా బండి వస్తే ఒదిగి నిలువవలెను. కాబట్టి చక్రాలతో సహా కారు వెడల్పును మించని బండి చాలు. తోక పొడవుగా ఇరుసు వెనుకకు చొచ్చిన ప్లాను పంటు ఎక్కేటప్పుడు, రేవు దిగేటప్పుడు నేలను రాచుకొంటుంది. అమెరికాలో వాహనాలు కుడిప్రక్కగా నడుస్తాయి. ఒకే తలుపు గల అక్కడి ప్లానులో అది సాధారణంగా కుడివైపున ఉంటుంది. మనకు అది ఎడమవైపున ఉండవలెను. లేనిచో పిల్లలు రోడ్డు మీదికే దిగుతారు.

మన వాతావరణాన్నీ మరువరాదు. సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుమును తింటుంది. అల్యూమినియం రేకు ఇనుప మేకును తాకిన చోట తేమ చేరితే రేకు త్వరగా చెడుతుంది; నడుమ రబ్బరు వేయవలెను. ప్లైవుడ్ నీటికి తాళే మెరైన్ రకమై ఉండవలెను. 12 మిల్లీమీటర్ల మందం గల పెద్ద పలక ఒకటి సుమారు 20 కిలోలు తూగుతుంది. గోడల మందం పెంచిన కొద్దీ బరువు ఎట్లు పెరుగునో దీనిని బట్టి గ్రహించవచ్చును. చిన్న గూటిలో ఇద్దరు నిద్రించుటకు క్రింద ఒకటి, పైన ఒకటి గాలిమార్గాలు, వాటికి దోమతెర తప్పనిసరి. వర్షం వచ్చినా సరే పొయ్యి లోపల వెలిగించరాదు. మూసిన గూటిలో మంట నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీయగలదు.

చట్టం మాట ముందే విచారించుకొనవలెను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రెయిలరు కూడ మోటారు వాహనమే. రిజిస్ట్రేషను లేక రోడ్డెక్కరాదు. కావున కొయ్య కోయక మునుపే ప్లానును జిల్లా రవాణా కార్యాలయంలో చూపి, అనుమతి సాధ్యమో కాదో, బ్రేకులు, దీపాలు ఎట్లుండవలెనో అడిగి తెలుసుకొనుడు. కారుతోబాటు వచ్చిన పుస్తకంలో ఎంత బరువు లాగవచ్చునో చూడుడు. లాగరాదని వ్రాసి ఉంటే ఆ కారుకు ఏ ప్లానూ పనికిరాదు.

ప్లాను చేతికి వచ్చిన తరువాత ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయవచ్చును. దాని కొలతలను ఇంటి గచ్చు మీద సుద్దతో గీసి, ఇద్దరూ ఆ గీతల నడుమ పడుకొని చూడుడు. మోకాలు గీత దాటితే మరొక ప్లాను వెదకుట మంచిది. బండి పూర్తి అయిన పిమ్మట ప్రయాణపు సామానంతా సర్ది, ధాన్యం మిల్లు కాటాపై మొత్తం తూచుడు. మనుషుల బరువు చూచే చిన్న యంత్రాన్ని కారు కొక్కెం ఎత్తున పీట మీద ఉంచి, దానిపై బండి మూతిని ఆనించి తూచుడు. మొదటి సంఖ్యలో రెండవది పదవ వంతుకు తగ్గితే సామాను ముందుకు జరుపవలెను. ఇంత చేసినా త్రోవలో బండి ఊగినచో, గట్టిగా బ్రేకు వేయక, స్టీరింగు నిలకడగా పట్టుకొని, యాక్సిలరేటరు నుంచి మెల్లగా కాలు తీసి వేగం తగ్గనీయుడు. తరువాత ప్రక్కకు నిలిపి, సామాను మరల సర్దుకొని గాని ముందుకు సాగరాదు.