మధ్య తరహా పరిశ్రమల్లో సమాచార విశ్లేషణ: కొన్న సాధనం ఎప్పుడు అక్కరకు వస్తుంది?

ప్రత్యేక వ్యాసం

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలోని ఆదిభట్ల విమాన విడిభాగాల తయారీ కేంద్రంగా పేరు గడించింది. సికోర్‌స్కీ ఎస్-92 హెలికాప్టర్ క్యాబిన్లు, సి-130జె విమానాల తోక భాగాలు ఇక్కడ రూపుదిద్దుకున్నాయి. 2018లో టాటా బోయింగ్ కర్మాగారం అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలేజ్‌ల తయారీకి శ్రీకారం చుట్టింది. ఇటువంటి భారీ సంస్థలకు విడిభాగాలు అందించే శ్రేణిలో మధ్య తరహా పరిశ్రమలు, వాటికి పనులు చేసిపెట్టే చిన్న వర్క్‌షాపులు ఉంటాయి. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న నిర్వచనం ప్రకారం యంత్రాలు, పరికరాలపై పెట్టుబడి రూ.125 కోట్లు, వార్షిక టర్నోవర్ రూ.500 కోట్లు మించని సంస్థలు మధ్య తరహా పరిధిలోకి వస్తాయి.

ఈ రంగంలో లెక్కలకు కొదవ లేదు. ఒక భాగం ఏ లోహపు లాటు నుంచి వచ్చింది, ఏ యంత్రంపై తయారైంది, ఎవరు తనిఖీ చేశారు అన్నది నమోదు చేయకుండా విమాన పరిశ్రమలో సరుకు బయటకు పోదు. అయితే ఆ వివరాలు నాణ్యతా విభాగం ఫైళ్లలోను, కొనుగోళ్ల లెక్క ఎక్సెల్ పట్టికల్లోను, చెల్లింపులు టాలీలోను విడివిడిగా ఉండిపోవడం పరిపాటి. ఈ మూడింటినీ ఒకచోటికి చేర్చి, తెరపై పట్టికలుగా, రేఖాచిత్రాలుగా చూపేవే బిజినెస్ ఇంటెలిజెన్స్ సాధనాలు.

వీటి ధర అందరూ అనుకునేంత పెద్ద అడ్డంకి కాదు. పవర్ బీఐ ప్రో రుసుము 2025 ఏప్రిల్‌లో పెరిగి ఒక్కొక్క వినియోగదారుకు నెలకు 14 డాలర్లయింది. మెటాబేస్, అపాచీ సూపర్‌సెట్ వంటి వాటిని ఉచితంగానే వాడుకోవచ్చు. అసలు ఖర్చు లెక్కలను సరిదిద్దడంలో ఉంది. ఒకే సరఫరాదారు పేరు మూడు రిజిస్టర్లలో మూడు విధాలుగా ఉంటే ఎంత ఖరీదైన సాధనమైనా ముగ్గురు సరఫరాదారులనే చూపుతుంది.

చెల్లింపుల విషయాన్నే తీసుకుందాం. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సరఫరాదారులకు రాతపూర్వక ఒప్పందం ఉన్నప్పటికీ 45 రోజులకు మించి బకాయి ఉంచరాదు. గడువు దాటితే రిజర్వు బ్యాంకు నిర్ణయించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా అసలుకు కలుపుతూ చక్రవడ్డీ చెల్లించవలసి ఉంటుంది. బాధితులు ఫెసిలిటేషన్ కౌన్సిల్‌ను ఆశ్రయించవచ్చు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఈ గడువు బిల్లు తేదీ నుంచి కాక, సరుకును స్వీకరించిన నాటి నుంచి లెక్కకు వస్తుంది. 15 రోజులలోగా రాతపూర్వకంగా అభ్యంతరం తెలపకపోతే సరుకు అందిన రోజే స్వీకరించిన రోజు అవుతుంది. జనవరి 1న గేటు దాటిన సరుకుకు 20వ తేదీతో టాలీలో బిల్లు నమోదయిందనుకుందాం. నివేదికను టాలీ తేదీతో తయారుచేస్తే, వాస్తవ గడువు కంటే 19 రోజులు అదనంగా మిగిలినట్లు తెరపై కనిపిస్తుంది. యాజమాన్యం నిశ్చింతగా ఉంటుంది. ఆ 19 రోజులు లేత్ యంత్రాలు నడిపే చిన్న వర్క్‌షాపు యజమాని మాత్రం కూలీల జీతాలకు అప్పు వెదుక్కోవలసి వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో లోపమేమీ లేదు. గేటు వద్ద ఉన్న రిజిస్టరును దానికి జతచేయాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. ఏ సరఫరాదారు సూక్ష్మ, చిన్న శ్రేణిలో ఉద్యమ్ నమోదు పొందారో కూడా జాబితాలో చేరిస్తేనే ఈ నివేదిక పనికొస్తుంది.

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు చెంత పెరిగినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. నీటిమట్టం చూసి వచ్చినంత మాత్రాన తూము తెరుచుకోదు. తెరవవలసిన మనిషి ఉండాలి. అలాగే 35 రోజులు దాటిన బిల్లుల జాబితా ప్రతి సోమవారం ఎవరి చేతికి అందాలి, చెల్లింపునకు ఆదేశమిచ్చే అధికారం ఎవరిది అన్నది ముందే తేల్చుకోవాలి. తిరస్కరణకు గురైన భాగాల నివేదికకూ ఇదే వర్తిస్తుంది. ఏ యంత్రంపై, ఏ షిఫ్టులో లోపాలు ఎక్కువో తెలిసినా, ఆ యంత్రాన్ని ఆపి సరిచేయించే అధికారం సూపర్‌వైజరుకు లేకపోతే నెలాఖరున రంగుల చిత్రమే మిగులుతుంది.

అందువల్ల ఒకేసారి ఇరవై నివేదికలకు పూనుకోవడం కన్నా బకాయిల నివేదిక ఒక్కదానితో మొదలుపెట్టడం మేలు. మొదటి మూడు నెలలు తెరపై అంకెలను గేటు రిజిస్టరుతో స్టోర్ కీపరు స్వయంగా సరిపోల్చి, తేడాలను ఎప్పటికప్పుడు సరిచేయించాలి.