ఎలుగుబంటికి వేలంపాట!

ఫర్ గుడ్డ, దూది, సూది, దారం ఉంటే చాలు... టెడ్డీబేర్ ఇంట్లోనే పుడుతుంది. సరదా ముదిరి, మేలురకం గుడ్డ కోసమో పాతకాలం టెడ్డీ కోసమో ఇంటర్నెట్ వేలంలో దిగితేనే అసలు కథ మొదలవుతుంది.

తెనాలి మారీసుపేటలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో ఏదో ఒక ఇంటికి వెళ్లండి. ముందుగదిలో షోకేసు ఉందంటే అందులో కొండపల్లి అంబారీ ఏనుగు పక్కనో, పెళ్లిఫొటో వెనకో ఓ టెడ్డీబేర్ కూర్చుని ఉండే అవకాశం చాలా ఎక్కువ. కొన్ననాటి ప్లాస్టిక్ కవరు కూడా విప్పి ఉండరు. మాసిపోతుందని! పిల్లలు ఆడుకోవడానికి కొన్న బొమ్మని పిల్లలకే అందకుండా దాచడంలో మన తర్వాతే ఎవరైనా.

కొనేవాళ్లు సరే, కుట్టేవాళ్లూ ఉంటారు. ఒకప్పుడు వేసవి సెలవులొస్తే కుట్లు, అల్లికలతోపాటు సాఫ్ట్‌టాయ్స్ నేర్పే క్లాసులకి గిరాకీ ఉండేది. కుక్కపిల్ల, కుందేలు, చివరికి టెడ్డీ... అదే సిలబస్. నేర్చుకున్నవాళ్లలో ఎక్కువమంది రెండు బొమ్మలు కుట్టి మానేస్తారు. కొందరికి మాత్రం ఆ పిచ్చి వదలదు. ప్రపంచమంతటా ఇలాంటి వాళ్లున్నారు. టెడ్డీలు కుట్టడం, పాతవి సేకరించడం వాళ్లకి పెద్ద వ్యాపకం. మన దగ్గర స్టాంపులు, నాణేలు పోగుచేసేవాళ్లు ఎలాగో వాళ్లూ అలాగే.

జాంబవంతుడి కథలు విని పెరిగిన మనకి ఎలుగుబంటి కొత్తేం కాదు. కానీ టెడ్డీ పుట్టింది మాత్రం అమెరికాలో. 1902 నవంబరులో అధ్యక్షుడు థియొడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీ అడవుల్లో వేటకి వెళ్లాడు. ఆయనకి ఒక్క ఎలుగుబంటీ దొరకలేదు. వెంట ఉన్నవాళ్లు ఒకదాన్ని పట్టి చెట్టుకి కట్టేసి, కాల్చమన్నారు. కట్టేసిన జంతువుని కాల్చనన్నాడాయన. క్లిఫర్డ్ బెర్రీమన్ ఆ సంగతిని కార్టూన్‌గా గీస్తే అదే నెల 16న వాషింగ్టన్ పోస్ట్‌లో అచ్చయింది. (అప్పటికే గాయపడ్డ ఆ ఎలుగుబంటి మాత్రం బతకలేదు. కార్టూన్‌లో ఆ ముక్క లేదు.) బ్రూక్లిన్‌లో చిన్న దుకాణం నడిపే మారిస్ మిక్టమ్ దంపతులు దాన్ని చూసి గుడ్డతో ఎలుగుబంటి కుట్టి, అధ్యక్షుడి ముద్దుపేరు ‘టెడ్డీ’ తగిలించారు. ఇంచుమించు అదే సమయంలో జర్మనీలో స్టైఫ్ కంపెనీ కూడా కాళ్లూచేతులూ కదిలే ఎలుగుబంటిని తయారుచేసింది. 1903లో లైప్‌జిగ్ సంతలో ఓ అమెరికా వ్యాపారి ఒక్కసారిగా మూడువేల బొమ్మలకి ఆర్డరిచ్చాడు. 1907 వచ్చేసరికి ఆ ఒక్క కంపెనీయే ఏడాదిలో తొమ్మిది లక్షల డెబ్భై వేలకు పైగా టెడ్డీలు చేసింది. నకిలీల బెడద అప్పుడే మొదలైంది. అందుకే 1904 నుంచి స్టైఫ్ తన బొమ్మల చెవికి లోహపు బొత్తాం బిగించడం మొదలుపెట్టింది. ఆ బొత్తాం సంగతి గుర్తుపెట్టుకోండి... మళ్లీ పనిపడుతుంది.

కత్తెర కొసతో...

టెడ్డీ కుట్టడం చూడ్డానికి తేలిక. చేతికొచ్చేసరికే తెలుస్తుంది. తలకి మూడు ముక్కలు... రెండు చెంపలు, మధ్యలో ముక్కు నుంచి మెడదాకా ఓ పట్టీ. ఆ పట్టీ అర అంగుళం అటూఇటూ అయితే ఎలుగుబంటి కాస్తా ఎలకో పందిపిల్లో అవుతుంది. గుడ్డమీద నూగు ఎటు వాలుతుందో చూసి, ముక్కలన్నీ అదే దిక్కుకి గీసుకోవాలి. గుడ్డని తిరగేసి, కత్తెర కొసతో వెనకభాగం మాత్రమే కత్తిరించాలి. బ్లౌజు గుడ్డలా ఒక్క ఊపున కత్తెరేస్తే నూగంతా తెగి, కుట్టు వెంట బట్టతల వస్తుంది. కుట్టాక సూదిమొనతో కుట్టులో ఇరుక్కున్న నూగుని ఒక్కొక్కటిగా బయటికి లాగాలి. ఓపిక లేనివాళ్లు ఆగిపోయేది ఇక్కడే.

కాళ్లూ చేతులూ కదలాలంటే లోపల గుండ్రటి బిళ్లలు పెట్టి పిన్నుతోనో బోల్టుతోనో బిగించాలి. ముక్కు దగ్గర దూది గట్టిగా కూరాలి. పొట్ట దగ్గర కొంచెం వదులు. తొలినాళ్ల టెడ్డీల్లో సన్నటి చెక్క తురుము నింపేవాళ్లు. తర్వాత బూరుగు దూది వచ్చింది. అవును, మన అమ్మమ్మల దిండ్లలో ఉండే దూదే! తేలిగ్గా ఉంటుంది, నీళ్లు పీల్చదు. ఒకప్పుడు ఓడల్లో ప్రాణరక్షక జాకెట్లలోనూ అదే నింపేవాళ్లు. ఇప్పుడు ఎక్కువమంది వాడేది పాలియెస్టర్ దూది. ఉతికినా ఉండకట్టదు మరి.

ఇంతవరకూ ఏదీ కష్టం కాదు. ఫర్ గుడ్డ విజయవాడ వెళ్తే దొరుకుతుంది. దారం, సూదులు తెనాలి బోస్ రోడ్డులోనే దొరుకుతాయి. చిక్కంతా తర్వాతి మెట్టులో ఉంది. మన బజారులో దొరికే ఫర్ నూలూ కాదు, ఉన్నీ కాదు... సింథటిక్. పాతకాలం టెడ్డీల్లో ఎక్కువభాగం మొహెయిర్‌తో కుట్టినవి. అంగోరా మేక వెంట్రుకలతో నేసిన గుడ్డ అది. ఆ వెంట్రుక ఎక్కువగా వచ్చేది దక్షిణాఫ్రికా నుంచి. టెడ్డీలకి పనికొచ్చే గుడ్డగా నేసే మిల్లులు జర్మనీ, ఇంగ్లండుల్లో ఉన్నాయి. మన జిల్లాల్లో ఏ దుకాణంలో అడిగినా అదేమిటంటారు. కొనాలంటే ఇక కంప్యూటర్ ముందో ఫోన్ పట్టుకునో కూర్చోవాల్సిందే.

పసుపుకొమ్ము విరిచి చూసినట్టు...

వేలంపాట మనవాళ్లకి తెలియని విద్యా? తెనాలి పక్కనే దుగ్గిరాల పసుపు యార్డు ఉంది. కొనేవాడు కొమ్ముని చేత్తో విరుస్తాడు. లోపలి రంగు చూస్తాడు, తేమ ఎంతో వేళ్లతోనే పోల్చుకుంటాడు. ఈ-నామ్ వచ్చి ధర కంప్యూటర్‌లో వేస్తున్నా సరుకు మాత్రం కళ్లముందే ఉంటుంది. రేపల్లె దాటి నిజాంపట్నం హార్బరుకి వెళ్తే అక్కడా అంతే. మొప్ప ఎత్తి చూడనిదే చేపకి ధర పలకదు. ఇంటర్నెట్ వేలంలో ఆ చెయ్యి లేదు. ఉన్నది ఫొటో ఒక్కటే. అదీ అమ్మేవాడు తీసిందే!

1995లో అమెరికాలో మొదలైన ఈబే ఈ పద్ధతిని ప్రపంచానికి అలవాటు చేసింది. దాన్ని నిలబెట్టినవాటిలో బొమ్మలూ ఉన్నాయంటే ఆశ్చర్యమే. బీనీ బేబీస్ అని అరచేతిలో పట్టే గుడ్డబొమ్మలు వచ్చాయప్పట్లో. కొట్లో ఐదు డాలర్లు. వేలంలో అంతకు ఎన్నో రెట్లు. ఒక దశలో ఈబే వ్యాపారంలో పదోవంతు దాకా వాటిదేనని చెబుతారు. ‘పిల్లల చదువుకి పనికొస్తాయి’ అని పెట్టెల నిండా కొని దాచుకున్న కుటుంబాలున్నాయి. ఆ మోజు దిగిపోయాక అవే బొమ్మలు కొన్న ధరకి కూడా పోలేదు.

మనదేశంలో 2000లో బాజీ డాట్ కామ్ మొదలైంది. 2004లో ఈబే దాన్ని కొనేసింది. 2017లో ఈబే ఇండియా ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లింది, మరుసటి ఏడాదే మూతపడింది. కాబట్టి ఇప్పుడు మొహెయిర్ ముక్క కోసమో, పాత టెడ్డీ కోసమో వేలంలో దిగేవాళ్లు విదేశీ సైట్‌లోనే పాడాలి. ధర డాలర్లలోనో పౌండ్లలోనో ఉంటుంది. చిన్న అంకె కాబట్టి చవగ్గా కనబడుతుంది. అదో మాయ.

పాట పాడటంలోనే ఇంకో మాయ ఉంది. 1994లో బాలాపూర్ గణపతి లడ్డూ వేలంలో 450 రూపాయలు పలికింది. 2024లో అదే వేలం 30 లక్షలు దాటింది. అక్కడ భక్తి ఉంది, ఊరి పరువు ఉంది, పాడేవాడికి తెలిసే పాడతాడు. చిత్రంగా ఆ 1994లోనే లండన్‌లో క్రిస్టీస్ సంస్థ వేలంలో ‘టెడ్డీ గర్ల్’ అనే స్టైఫ్ బొమ్మ లక్షా పదివేల పౌండ్లకి పోయింది. మన డబ్బులో అప్పటికే అరకోటి పైమాట! ఇలాంటి వార్త చదివినప్పుడల్లా అటక మీది పాత టెడ్డీలన్నీ బంగారమేననిపిస్తుంది. అమ్మేవాళ్లకి కావాల్సిందీ అదే.

దొంగపాట, ఆఖరి క్షణం పాట

ఆన్‌లైన్ వేలంలో రెండురకాల దెబ్బలు తగులుతాయి. మొదటిది దొంగపాట. అమ్మేవాడి స్నేహితుడో, వేరే పేరుతో వాడేనో ధర పెంచుతూ పోతాడు. చాలా సైట్లు దీన్ని నిషేధించాయి. పట్టుకోవడం మాత్రం అంత తేలిక కాదు. రెండోది ఆఖరి క్షణం పాట. నాలుగు రోజులు మనదే పైచేయి. గడువు ఇంకో ఐదు సెకన్లుందనగా ఎవరో వచ్చి ఎగరేసుకుపోతారు. ఇది మోసం కాదు, ఎత్తుగడ. ఉక్రోషంతో మర్నాడు అలాంటిదే ఇంకోటి రెట్టింపు ధరకి కొనడమే అసలు నష్టం. మనం ఎంతదాకా పోగలమో ఆ గరిష్ఠ ధర ముందే చెబితే, అవసరమైనంత మేరకే మన తరఫున పెంచుతూ పోయే ఏర్పాటు ఈబేలో ఉంది. ఆ అంకె వేసేముందు పోస్టేజీ, సుంకం కూడా కలిపి ఓ కాగితం మీద రాసుకుంటే సగం గొడవ తగ్గుతుంది. చాలాసార్లు గుడ్డకన్నా దాని రవాణాకే ఎక్కువవుతుంది!

ఇక వచ్చిన సరుకు. మొహెయిర్ అన్నది నిజంగా మొహెయిరేనా? దీనికి మన ఆడవాళ్లకి తెలిసిన పరీక్షే పనికొస్తుంది. పట్టుచీర అంచులోంచి పోగు లాగి కాల్చి చూస్తారు కదా... అదే. వెంట్రుక కాలితే జుట్టు కాలిన వాసనొచ్చి, నలిపితే బూడిదవుతుంది. సింథటిక్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది. పాత టెడ్డీ విషయంలో ఇంకాస్త తెలివి కావాలి. చెవికి బొత్తాం ఉంది కదా అని పొంగిపోకూడదు. బొత్తాం ఊడదీసి ఇంకో బొమ్మకి బిగించడం ఎంతసేపు! నోట్లు పరీక్షించే నీలిదీపం కింద పెడితే ఈకాలం పాలియెస్టర్ దారం చాలావరకు మెరుస్తుంది. వందేళ్లనాటి బొమ్మకి ఆ దారమెలా వచ్చిందని అడగాలి. అయితే పాత బొమ్మనీ ఎవరైనా ఇప్పటి సబ్బుపొడితో ఉతికి ఉంటే అదీ మెరుస్తుంది. కాబట్టి ఒక్క పరీక్షతో తేల్చేయకూడదు. చెక్క తురుము నింపిన బొమ్మని నొక్కితే కరకరమంటుంది. ఆ చప్పుడు ఫొటోలో వినబడదు కదా!

ఇక్కడే కుట్టేవాళ్లకి కొనేవాళ్లకన్నా ఓ మెట్టు పైన ఉండే అవకాశముంది. బొమ్మ లోపల ఏముంటుందో వాళ్లకి తెలుసు. కుట్టు వెనక, చెవి మొదలు, అరికాలి గుడ్డ, గుడ్డ తిరగవేసిన వైపు... ఈ ఫొటోలు పంపమని పాటకి ముందే అడగొచ్చు. నిజాయతీగా అమ్మేవాడు పంపుతాడు. ‘సైట్‌తో పని లేదు, నేరుగా నా ఖాతాలో వేస్తే పది శాతం తగ్గిస్తా’ అన్నాడంటే అక్కడితో ఆపేయాలి. వస్తువు రాకపోయినా, చెప్పినట్టు లేకపోయినా డబ్బు తిరిగిచ్చే హామీ ఈబేలో ఉంది. కానీ సైట్ బయట చెల్లిస్తే అది వర్తించదు.

విదేశీ పార్సిల్ మీద కస్టమ్స్ సుంకం, జీఎస్టీ పడతాయని లెక్క వేసుకోవాల్సిందే. వ్యాపారానికి తెచ్చే బొమ్మల మీదైతే సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. సొంతానికి తెప్పించుకునే పార్సిల్ లెక్క వేరు. ఏదైనా సుంకం వివరం కాగితం మీద వస్తుంది. ‘మీ పార్సిల్ కస్టమ్స్‌లో ఆగింది, ఈ లింకులో వెంటనే కట్టండి’ అని ఫోనొస్తే మాత్రం అనుమానించాలి. ఈ పేరుతో జరిగే మోసాలు ఇన్నీ అన్నీ కావు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చెబితే ఆ సొమ్ముని బ్యాంకుల్లో ఆపే వీలు అంత ఎక్కువ. ఇంట్లో తిడతారని రెండు రోజులు దాచిపెట్టడం వల్లే చాలామందికి డబ్బు తిరిగి రాదు. మనదేశపు అమ్మకందారుతో పేచీ అయితే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. 2019 చట్టం ప్రకారం కొన్నవారు తాము ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా మనం ఢిల్లీ వెళ్లక్కర్లేదు.

మనమే అమ్మితే?

నాలుగు టెడ్డీలు బాగా కుదిరాక ‘అమ్మకూడదూ?’ అని ఎవరో ఒకరు అనకమానరు. అక్కడో చట్టం ఉంది. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. పెద్ద ఫ్యాక్టరీకే కాదు, ఇంట్లో కుట్టి అమ్మేవాళ్లకీ ఇది వర్తిస్తుంది. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసిన బొమ్మలకి మినహాయింపునిచ్చారు. కాబట్టి అమ్మే ఉద్దేశముంటే ముందుగా ఆ నమోదు సంగతి కనుక్కోవడం మంచిది. ఇంటర్నెట్‌లో ఫొటో పెట్టి, ఆర్డర్లొచ్చాక వెతుక్కోవడం కష్టం.

మేనకోడలి పుట్టినరోజుకి కుట్టిచ్చే టెడ్డీకి ఈ గొడవేం లేదు. కాకపోతే మూడేళ్లలోపు పిల్లకైతే పూసల కళ్లు, బొత్తాం కళ్లు పెట్టకండి. పీకి నోట్లో వేసుకుంటారు. నల్లదారంతో కళ్లు కుట్టేయండి, రిబ్బను కూడా మెడకి కట్టకుండా కుట్టేయండి. ఇచ్చేటప్పుడు ప్లాస్టిక్ కవరు మీరే తీసేయండి.