దేశమెరిగి వైద్యం, దేశమెరిగి వ్యాపారం

చికిత్సకు పూనుకొనే ముందు దేశాన్ని, కాలాన్ని, రోగి బలాన్ని పరీక్షించాలని ఆయుర్వేదం బోధిస్తుంది. మెట్ట ప్రాంతమైన జాంగల దేశంలో హితమైనది, నీరు సమృద్ధిగా గల ఆనూప దేశంలో అహితం కావచ్చు. ఈ సూత్రం వ్యాపారానికీ వర్తిస్తుందని కొంత నష్టపోయిన తరువాతనే నేను గ్రహించాను. ఇటువంటి ఆలోచన గల గృహిణులకు ఉపకరిస్తుందని ఆ అనుభవాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

మా అత్తగారి పాళ్ల ప్రకారం సున్నిపిండి, త్రిఫల చూర్ణం, పసుపు తయారుచేసి, ఆయుష్ లైసెన్సు పొంది, రాజమహేంద్రవరం నుండి 2014లో అంతర్జాలం ద్వారా అమ్మకాలు ప్రారంభించాము. అమెరికాలోని తెలుగువారు పదేపదే కోరడంతో, 2019లో అమ్మాయి చదువుకు దాచిన సొమ్ములోంచి లక్షా ఇరవై వేల రూపాయలు తీసి మొదటి సరుకు పంపాము.

మాట తెచ్చిన ముప్పు

త్రిఫల డబ్బాపై ‘మధుమేహాన్ని హరిస్తుంది’ అని ముద్రించి ఉన్నాము. వ్యాధిని నయం చేస్తుందని చెప్పిన వస్తువును అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఔషధంగానే పరిగణిస్తుంది. అనుమతి లేని ఔషధానికి అక్కడ ప్రవేశం లేదు. అక్కడి 1994 నాటి చట్టం ప్రకారం త్రిఫలను ఆహార పూరకంగా అమ్మవచ్చును. అయితే ‘జీర్ణక్రియకు తోడ్పడుతుంది’ వంటి మాటలకే పరిమితం కావాలి. ఆ మాటను ప్రభుత్వ సంస్థ పరిశీలించలేదనే ప్రకటన కూడా చీటీపై ఉండాలి. మా సరుకు రేవులోనే నిలిచిపోయింది. వెనక్కి తెప్పించుకొనే ఖర్చు సరుకు విలువను మించడంతో అక్కడే ధ్వంసం చేయించవలసి వచ్చింది. తప్పు మాదే.

మనకు ఆచారం, వారికి నిషేధం

పసిబిడ్డకు వస అరగదీసి నాకించడం మన ఇళ్లలో ఆచారం. డాలస్ నుండి ఒక బాలింత వసకొమ్ము పంపమని కోరగా అత్తగారు పొట్లం కట్టి ఉంచారు. ఈసారి ముందుగానే విచారించాను. వస తైలం ఎలుకలలో కణితులు కలిగించినందున అమెరికా 1968లోనే వసను ఆహార పదార్థాలలో వాడరాదని నిషేధించిందని తెలిసింది. “నా నలుగురు బిడ్డలకూ పోశానే!” అని అత్తగారు నొచ్చుకున్నారు. ఆమెకు నచ్చజెప్పడానికి వారం రోజులు పట్టింది. వస పంపలేదు. మన పాఠకులు కూడా వైద్యుని అడగకుండా పసిపిల్లలకు వస వాడకుండుట మంచిది.

సున్నిపిండిలోని ఎర్రచందనం మరొక చిక్కు. మన శేషాచలం అడవుల ఈ వృక్షం అంతర్జాతీయ వన్యజాతుల ఒప్పందం రెండవ అనుబంధంలో ఉన్నందున అనుమతిపత్రం లేకుండా ఎల్లలు దాటరాదు. దానిని మాని కచ్చూరాలు, గులాబీ రేకుల పొడి కలిపాము.

పసుపు నేర్పిన పాఠం

2004లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికా వైద్యులు బోస్టన్ పరిసర దుకాణాల నుండి 70 ఆయుర్వేద ఉత్పత్తులు కొని పరీక్షించగా 14 ఉత్పత్తులలో సీసం, పాదరసం లేక ఆర్సెనిక్ కనిపించాయి. ఎగుమతి చేసే మూలికా ఔషధాలకు భారలోహ పరీక్షను మన ప్రభుత్వం 2006 నుండి తప్పనిసరి చేసింది.

మేమూ అన్ని సరుకులను పరీక్షకు పంపాము. త్రిఫల నెగ్గింది. ఒక వర్తకుని వద్ద పొడిగా కొన్న పసుపులో మాత్రం సీసం పరిమితికి మించి ఉన్నది. రంగు కోసం సీసపు క్రోమేటు కలిపితే ఇలా జరుగుతుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. విదేశాలకు పంపకముందే ఆ పసుపును మా వీధివారికి అమ్మి ఉన్నాను, మా పిల్లల పాలలో కలిపి ఉన్నాను. మరునాడు కొన్నవారందరికీ కబురుచేసి పొట్లాలు వెనక్కి తీసుకొని డబ్బు చెల్లించాము. నాటినుండి దుగ్గిరాల కొమ్ములు తెచ్చి స్వయంగా మర పట్టిస్తున్నాము, ప్రతి విడతనూ పరీక్షిస్తున్నాము.

ప్రయత్నించేవారికి సూచనలు

1. ముందుగా ఎగుమతి, దిగుమతి కోడ్ సంఖ్య పొందండి.
2. అమెరికాకు తినే వస్తువు అమ్మాలంటే తయారీశాల నమోదు, అక్కడొక ప్రతినిధి, ప్రతి సరుకుకు ముందస్తు సమాచారం అవసరం.
3. 800 డాలర్ల లోపు పార్సెళ్లకు అమెరికా ఇచ్చిన సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29న నిలిచిపోయింది. సుంకం కలిపే ధర కట్టండి.
4. దేశానికొక నియమం ఉంటుంది. డెన్మార్క్ 2023లో అశ్వగంధను నిషేధించింది. ఐరోపా సమాఖ్యలో సంప్రదాయ మూలికా ఔషధంగా నమోదుకు సాధారణంగా 30 ఏళ్ల వాడుకను, అందులో 15 ఏళ్లు అక్కడి వాడుకను చూపాలి.
5. ఒక్క దేశం, ఒకటి రెండు వస్తువులతో ఆరంభించండి.

పోయిన సొమ్ము తిరిగి కూడడానికి మూడేళ్లు పట్టింది. ఇప్పుడు మా ఊరిలో అమ్మే డబ్బాలపై కూడా ‘హరిస్తుంది’ అనే మాట లేదు. పరీక్ష జరిగిన తేదీ మాత్రం ఉంటుంది. మొదట ఆ మాట తీయడానికి ఒప్పుకోని అత్తగారే, ఈనాడు ప్రతి డబ్బా తిప్పి ఆ తేదీ చూసిన తరువాతనే మూత బిగిస్తున్నారు.