ఎవరూ తొందరపెట్టని పని



నిర్గమకాండము 18వ అధ్యాయమును సంఘ పరిపాలనకు పాఠముగా నేను అనేక పర్యాయములు బోధించాను. అయితే ఆ అధ్యాయము తగవుల తీర్పుతో ఆరంభము కాదు. ఒక కుటుంబము తిరిగి కలుసుకొనుటతో ఆరంభమవుతుంది. పుట్టింటికి పంపబడిన సిప్పోరాను, కుమారులైన గెర్షోము, ఎలీయెజెరులను మామగారైన యిత్రో అరణ్యములో ఉన్న మోషే దగ్గరకు తీసుకొని వచ్చాడు. మరి మరునాడు? తెల్లవారింది మొదలు చీకటి పడేవరకు మోషే ప్రజల తగవులు వింటూనే ఉన్నాడు. ఆ దినమున పిల్లలకు తండ్రి ఎంతసేపు దొరికాడో లేఖనము చెప్పదు. గాని ఆ ప్రశ్న నన్ను వదలదు. కారణమున్నది.

మా నాన్నగారు పల్లెటూరి బడిలో ఉపాధ్యాయునిగా పనిచేసి విరమించారు. మూడు సంవత్సరముల క్రితము ఒకరోజు ఫోను చేసి, "బాబూ, మీ తాతగారు ప్రభువును ఎట్లా తెలుసుకున్నారో నీకు వివరంగా చెప్పాలిరా. ఒక రెండు రోజులు ఉండేటట్టు రా" అన్నారు. "తప్పకుండా వస్తాను నాన్నా" అన్నాను. ఆ వారము కమిటీ సమావేశము. తరువాతి వారము ఒకరి గృహప్రవేశ ప్రార్థన. ఆ తరువాత యౌవనస్థుల కూటములు, అంతలో మైకు సెట్టు చెడిపోవుట. నాన్నగారు మరల అడగలేదు. నాలుగు నెలలకు పక్షవాతము వచ్చి ఆయనకు మాట పడిపోయింది. నన్ను చూచినప్పుడు నేటికీ పెదవులు కదుపుతారు. తాతగారి సాక్ష్యము ఆయన గుండెలోనే ఉండిపోయింది.

ఆ నాలుగు నెలలు నేను సోమరిగా కూర్చోలేదు. చేసినవన్నీ మంచి పనులే. మనము మోసపోయేది సరిగ్గా ఇక్కడే.

1954లో అమెరికాలోని ఇవాన్‌స్టన్‌లో ప్రపంచ సంఘముల సమాఖ్య మహాసభ జరిగినప్పుడు, ఆ దేశాధ్యక్షుడు ఐసెన్‌హోవర్ తన ప్రసంగములో ఒక కళాశాల మాజీ అధ్యక్షుని మాటను జ్ఞాపకము చేశారు. తొందరపెట్టే సమస్యలు వేరు, ముఖ్యమైన సమస్యలు వేరు అని దాని సారాంశము. తొందర పని తలుపు కొడుతుంది, ఫోను మోగిస్తుంది. ముఖ్యమైన పని మా నాన్నగారివలె ఒకసారి అడిగి ఊరుకుంటుంది.

ప్రభువు ఏమి చేశాడు? కపెర్నహూములో ఊరంతా వాకిట చేరిన మరునాడు, చీకటితోనే లేచి ఏకాంత ప్రార్థనకు వెళ్లాడు (మార్కు 1:32-38). జనులు వెదకుచున్నారని సీమోను వచ్చి చెప్పినా వెనుకకు తిరగలేదు; తాను వచ్చిన పని కొరకు పొరుగు ఊళ్లకు సాగిపోయాడు.

యిత్రో కూడా మోషేను పని మానుకోమనలేదు. వెయ్యిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి నాయకులను నియమించి, చిన్న సంగతులు వారికి అప్పగించమన్నాడు. ఆలస్యముగానైనా నేనూ అదే చేశాను. మైకు సెట్టు, కుర్చీలు యౌవనస్థులకు అప్పగించాను. వారు నాకంటె బాగా చూచుకుంటున్నారు! సోమవారము నాన్నగారిది. ఫోను నా భార్యకిచ్చి బస్సెక్కుతాను. మరణశయ్య మీది పిలుపైతే ఆమె నాకు కబురు చేస్తుంది. మిగిలినవన్నీ మంగళవారము వరకు ఆగుతాయి, ఆగుతున్నాయి కూడ. నాన్నగారి ప్రక్కన కూర్చుండి, చెయ్యి పట్టుకొని ఒక అధ్యాయము చదువుతాను. ఆయన వింటారు. తాతగారిని గూర్చి నాకు తెలిసిన కొద్దిపాటి సంగతులు మా పిల్లలకు ఇప్పుడే చెప్పుచున్నాను.

ప్రియులారా, ఈ రాత్రి కుటుంబ ప్రార్థన అయిన తరువాత ఒక కాగితము తీసుకొనండి. మిమ్మును ఒకసారి అడిగి ఊరుకున్నవారి పేర్లు వ్రాయండి. తల్లి కావచ్చు, భార్య కావచ్చు, లెక్కలు చెప్పమన్న కుమారుడు కావచ్చు. మొదటి పేరు ఎదుట ఒక దినము, ఒక గంట వ్రాయండి. ఆ గంటకు మరొకరు పిలిస్తే, "ఆ సమయము ముందే ఒకరికి ఇచ్చాను" అని చెప్పండి. అది అబద్ధము కాదు.

వారికి మాట ఉండగానే, మనకు వినికిడి ఉండగానే ఆ గంటను కేటాయించు వివేకమును ప్రభువు మనకు దయచేయును గాక! ఆమేన్.